వెనక్కొచ్చిన పడవ

"ఎక్కడికి ఈ ప్రయాణం?" అని రాసినందుకు ఒక పడవ వెనక్కొచ్చింది.

రాసినవాడు సాయిశంకర్. పెందుర్తి కుర్రాడు, ద్వారకానగర్‌లో ఒక చిన్న యాడ్ ఆఫీసులో క్యాప్షన్లు రాస్తాడు. యారాడ తీరంలో తాతబాబు పట్టిన చేపల్ని ఆయన కూతురు హిమబిందు ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి అమ్ముతోంది. నాన్న పడవ తోస్తున్న ఫొటో ఆమె పంపితే, ఇతను ఆ మాట తగిలించాడు. ఆయన చేపల వేటకు బయల్దేరుతుంటే ఒడ్డున ఎవరో ఫోన్ చూసి పైకి చదివారు. తాతబాబు చెవిన పడింది.

వేటకు బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆయన అలాగే చేశాడు.

మర్నాడు హిమబిందు ఆఫీసుకొచ్చింది.

"మీ ఇంట్లో ఎవులూ బయటికెల్లరా?"

"ఎల్తారండి."

"అప్పుడు ఎక్కడికని అడుగుతావా?"

"మా అమ్మ తంతాదండి."

"మరి మా నాన్న నీకేటి సేసినాడు?"

కోపంలో ఆమె చాలా బాగుందని సాయిశంకర్‌కి అనిపించింది. అప్పుడు చెప్పదగ్గ విషయం కాదు కాబట్టి చెప్పలేదు.

ఆ రోజు నుంచి అతనికి క్యాప్షన్ రావడం మానేసింది. "సముద్రం" అని కొట్టి చెరిపేశాడు. "తాజా" అని కొట్టి చెరిపేశాడు. ఏం రాసినా ఎవరి పడవో వెనక్కొస్తుందేమోనని భయం. ఆరు రోజులు గడిచాయి.

"సోమవారానికి రాయకపోతే ఆ చేపల పేజీ పక్క సీటు మోహన్‌కి ఇచ్చేస్తాను," అన్నాడు బాస్ నీలకంఠం.

పేజీ పోతే హిమబిందు మెసేజ్‌లు మోహన్‌కి వెళ్తాయి. "ఫొటో పంపాను", "అందిందా" తప్ప ఆమె ఏమీ రాసేది కాదు. సాయిశంకర్ ఒక్కటీ డిలీట్ చేయలేదు.

ఆదివారం పొద్దున్నే బైక్ తీసి యారాడ వెళ్లాడు.

"ఇలాగొచ్చినావేటి?" అంది హిమబిందు.

"మాట రావట్లేదండి. మీ అమ్మగారు ఎలా అమ్ముతారో విందామని."

పక్కనే వాళ్లమ్మ వరహాలమ్మ, చేపలు తాజావేనా అన్న బేరగాడితో అంటోంది: "నాను సెప్తే నమ్ముతావేటి? మొప్ప ఎత్తి సూడు!"

"ఇన్నావు కదా," అంది హిమబిందు. "ఉన్నది సెప్పడానికి అంత ఆలోసనేటి?"

సాయిశంకర్ పడవ అంచున కూర్చుని రాశాడు: "కోనాం చేపలు, ఆరు. పొద్దున ఏడింటికి తాతబాబు తెచ్చాడు. మొప్ప ఎత్తి చూసుకోండి."

ఆమె చదివి, చొక్కా నిండా చేప పొలుసులతో ఉన్న అతన్నే ఒక ఫొటో తీసింది.

"దీనికి?"

ఈసారి వేళ్లు ఆగలేదు. "సాయిశంకర్, పెందుర్తి. చేపల కోసం రాలేదు."

హిమబిందు రెండుసార్లు చదివింది.

"మొప్ప ఎత్తి సూడాలా?"

"సూసుకోండి."

"అక్కర్లేదులే. నాకూ నువ్వంటే ఇష్టమే. పడవ ఎనక్కి తెప్పించినావని కోపం కూడా ఉంది. రెండూ ఉంటాయి."

ఆ రెండోదానికి కూడా అతనికి సంతోషమే వేసింది.

ఆమె ఫోన్ తీసుకెళ్లి, వల బాగుచేసుకుంటున్న తండ్రికి రెండు క్యాప్షన్లూ చూపించింది. తాతబాబు చదివి, ఫోన్ తిరిగిచ్చేసి మళ్లీ వల అందుకున్నాడు.

ఆయనకి నచ్చలేదనుకున్నాడు సాయిశంకర్. వెళ్లొస్తానని చెప్పి బైక్ స్టార్ట్ చేశాడు.

"ఎక్కడికి?" అన్నాడు తాతబాబు.

చేపలు కోస్తున్న వరహాలమ్మ కత్తి ఆగిపోయింది. ఆ మనిషి నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇంటికండీ..."

"అడిగీసినాను కదా. ఇంక ఎల్లకూడదు. కూకో." కూతురి వైపు తిరిగాడు. "బిందూ, నీల్లట్టుకురా. అన్నం కూడా పెట్టు."

సాయిశంకర్ కూర్చున్నాడు. నీళ్లు తాగాడు, అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కుని మళ్లీ లేవబోయాడు.

తాతబాబు వల మీంచి తలెత్తకుండానే మళ్లీ అడిగాడు.