చావని మంత్రగత్తె

“మంత్రగత్తె ఎందుకు చావలేదు?”

తలుపు తీయగానే నాకు దొరికిన పలకరింపు అది. నా ఫాంటసీ నవలలకి అట్టబొమ్మలు వేసే అమ్మాయి వానలో తడిసి ముద్దై గుమ్మంలో నిలబడింది. చంకలో ఉన్న కాన్వాసుకి మాత్రం బుద్ధిగా రెయిన్‌కోటు తొడిగింది.

మా ఇద్దరిదీ తిరకాసు పద్ధతి. ముగింపు నేను నోటితో చెప్పేస్తాను, తను బొమ్మ వేసేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా నేను రాస్తాను. ఈసారి చెప్పింది ఇదీ: డ్రాగన్ కాళ్ళ దగ్గర మంత్రగత్తె శవం.

“నా బొమ్మలో శుభ్రంగా చచ్చింది. మీ కథలోనేమో, పబ్లిషర్ గారు చెప్పారు, విషం తాగితే వాంతి చేసుకుంది. కోట మీంచి దూకితే గడ్డివాములో పడింది. ఆఖరికి డ్రాగన్ మింగితే, పాపం దానికే అజీర్తి చేసి కక్కేసింది! రేపే ప్రింటింగ్. ఇప్పుడు బొమ్మ మార్చమన్నారో, మీకు ఇదే నా ఆఖరి అట్ట!”

“కూర్చోండి, ఇప్పుడే చంపేస్తాను” అని కంప్యూటర్ ముందు కూలబడ్డాను. వేళ్ళు కదిలితే ఒట్టు.

తను వెనకనుంచి స్క్రీన్ చదివింది. “జడలో కుంచె దోపుకుంటుందా? కోపమొస్తే పెన్సిల్ కొరుకుతుందా?” అంటూ, తను కొరుకుతున్న పెన్సిల్‌ని నోట్లోంచి తీసేసింది. “ఇది నేనా?”

“పోయిన పుస్తకంలో నా హీరోకి మెల్లకన్ను పెట్టారుగా. ఒళ్ళు మండి, ఇందులో మిమ్మల్ని చంపేద్దామని మొదలెట్టాను. రాసేకొద్దీ చేతులు రాలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం.”

తను కాన్వాసుకి రెయిన్‌కోటు విప్పింది. డ్రాగన్ ముక్కు మీద నా కళ్ళజోడు! విరిగిన కాడకి నేను కట్టిన దారంతో సహా!

“నా బొమ్మలన్నిటికీ వంకలు పెడతారుగా, కసికొద్దీ వేశాను” అంది. “వేసేసరికి ముద్దొచ్చింది.”

జడలోంచి కుంచె లాగి, రంగులో ముంచి, రెండు చుక్కలతో శవం కళ్ళు తెరిపించింది.

ఫోన్ మోగింది. మా అక్క. నా పుస్తకాలు వేసే పబ్లిషర్ కూడా తనే.

“ఒరేయ్, చచ్చిందా?”

“లేదక్కా. పెళ్ళి చేసుకుంటుందట.” నేను పక్కకి చూశాను. తను తల ఊపింది.

“ఎవర్నిరా?”

“డ్రాగన్‌ని.”

“హమ్మయ్య! అట్ట ఫోటోలో ఆ కళ్ళజోడు చూసినప్పుడే అనుకున్నాను. ఫోన్ నా మరదలికివ్వు.”

తను రంగు చేత్తోనే ఫోన్ లాక్కుంది.

“సాయంత్రానికి ముగింపు రాయిస్తాను, వదినా.”