చాయ్ మల్లమ్మ నవ్వితే

"పెయింటర్ సాబ్, నీ మల్లమ్మ మరీ మంచిది. ఒక్క అబద్ధం ఆడదు. గసొంటిదాన్ని ఎవలు జూస్తరు?" అంది సైదమ్మ, బొమ్మల కట్టను బల్ల మీద పడేసి.

జానయ్య నల్లగొండలో సినిమా బోర్డులు గీసేవాడు. ఫ్లోరైడ్ నీళ్ల మీద ఊరూరా తెర కట్టి చూపించడానికి పట్నం సారు ఒకాయన బొమ్మల సినిమా తీస్తున్నాడు. బొమ్మలు జానయ్యవి. మాటలు అంగన్‌వాడీ టీచర్ సైదమ్మవి.

కథలో మల్లమ్మది చాయ్ కొట్టు. తన బోరు నీళ్లు చెడ్డవని ఆమెకు తెలుసు. చెబితే కొట్టు మూతపడుతుంది. చెప్పకపోతే ఊరి పిల్లలు అవే తాగుతారు.

సైదమ్మ ఎప్పుడు మాట్లాడినా నోటికి కొంగు అడ్డం. తనను చూసి నవ్వుతోందని జానయ్యకు మంట. జానయ్య పెదాల మధ్య ఎప్పుడూ ఒక కుంచె. పొగరని సైదమ్మకు మంట.

"మరి ఏమనాలె మల్లమ్మ?" కుంచె తియ్యకుండానే అడిగాడు.

"నీళ్లు మంచియేనా అక్కా అని గిరాకీ అడుగుతడు. 'నీళ్లదేమున్నదన్నా, పాలు జూడు. పాల మీద గూడ అనుమానమైతే నా మొఖం జూడు' అంటది. అందర్ని నవ్విస్తది. ఇంటికి పోయినంక అన్నం సయించదు."

జానయ్యకు నచ్చింది. కొత్త కాగితం అందుకున్నాడు.

వాన పట్టిన రోజు ఆఖరి సీను గీశాడు. మల్లమ్మ నిజం చెప్పి, బోరుకు తాళం వేసి నవ్వుతుంది. సైదమ్మ ఆ కాగితాన్ని వెలుగుకు పట్టుకుంది.

"గీ తెల్లటి పండ్లు ఎవలియి?"

"మల్లమ్మయే."

"పుట్టినకాడికెల్లి గా బోరు నీళ్లు తాగిన మల్లమ్మయా?"

జానయ్య తల దించుకున్నాడు. ఆ నీళ్లు తాగినవాళ్ల పళ్లకు గోధుమ మచ్చలు పడతాయి. ఒక్క తెల్లటి నవ్వుతో సినిమా అంతా అబద్ధమైంది.

"మచ్చలు పెడ్త."

"వద్దు!" సైదమ్మ గొంతు తగ్గింది. "అడగకుంటనే నా మొఖం గీసినవు. అందరు గుర్తుపడ్తరు. మొన్న షాద్‌నగర్ సంబంధపోళ్లు జూసిపోయిన్రు. నేను నోరు తెరువలేదు. పిల్లకు సిగ్గెక్కువ అన్నడు మా నాయిన."

కొంగు ఎందుకో అప్పుడు తెలిసింది జానయ్యకు. సంబంధం అన్న మాట దగ్గర పెదాల మధ్య కుంచెను కొరికాడు.

"నీ ఇష్టం టీచరమ్మా. నువ్వు చెప్పేదాంక రంగు ముట్టను," అన్నాడు.

ఆమె వానలోనే వెళ్లిపోయింది.

వారం తర్వాత వచ్చింది. "గోధుమ రంగు వెయ్యి."

"మరి సంబంధం?"

"ముహూర్తం మాట్లాడనీకె వచ్చిన్రు. నాయిన మళ్ల సిగ్గు పాట ఎత్తుకున్నడు. నేను నవ్విన. పండ్లన్ని కనవడేటట్టు నవ్విన. చాయ్ గూడ తాగకుంట లేచిపోయిన్రు."

"మీ నాయినేమన్నడు?"

"మాట్లాడ్తలేడు. మాట్లాడకపోతే మానె. మల్లమ్మతోని నిజం చెప్పిచ్చి, నేను మూతి బిగవట్టుకోని పెండ్లి జేసుకుంటే ఆ మల్లమ్మే నన్ను తిడ్తది." అతని వైపు చూసింది. "ఇంత జెప్పిన గద, జర నవ్వరాదా? ఎన్నడన్న నవ్వినవా నువ్వు? ఏం జూసుకోని గంత పొగరు?"

జానయ్య కుంచె తీసి పక్కన పెట్టాడు. అతనిదీ ఫ్లోరైడ్ ఊరే, మర్రిగూడ. అవే నీళ్లు తాగి పెరిగినవాడు. నవ్వాడు. మచ్చలు ఆమెకంటే ముదురు.

సైదమ్మ చేతిలోంచి కొంగు జారింది. "ఓరి నీ పాడుగాను! గందుకా గీ కుంచె?"

"నీకు కొంగెందుకో నాకు కుంచె గందుకే." ధైర్యం చల్లారకముందే అనేశాడు. "మా అమ్మను మీ ఇంటికి తోలిస్త. మీ నాయిన చాయ్ పోస్తడా?"

సైదమ్మ నోటికి ఏదీ అడ్డం పెట్టుకోలేదు.

"పోస్తడు. నీళ్లు మాత్రం మీ అమ్మనే తెచ్చుకొమ్మను."