ముట్టుకున్న చేతులు

ఆ కాలంలో ఎవరైనా పడిపోతే చుట్టూ ఉన్నవాళ్ళు చేసే మొట్టమొదటి పని, రెండు చేతులూ వెనక్కి కట్టుకోవడం. బడిలో పిల్లలకు అక్షరాలకన్నా ముందు అదే నేర్పేవారు. 2074లో మంచితనమంటే దూరంగా నిలబడటమే మరి. వెనకటి రోజుల్లో అయితే పడ్డవాణ్ణి నలుగురూ చంకల కింద చేతులేసి లేపి, కూర్చోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టి, సోడా పట్టించి, ఆటోలో ముడిచి పడేసేవారు. ప్రేమతోనే, పాపం. విరిగిన మెడ ఎముక చాటున ఉన్న వెన్నుపాముని ఆ ప్రేమే నలిపేసేది.

దీన్ని మాన్పించిన ఘనత డాక్టర్ లాస్యది. ఆవిడ కనిపెట్టిన కంఠరక్ష చూడటానికి పట్టు రిబ్బనులా ఉంటుంది. మెడకు చుట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. దెబ్బ తగిలిన మరుక్షణం అందులోని పాలిమర్ గట్టిపడి తలను, మెడను, భుజాలను ఒకే వరుసలో బిగించి పట్టుకుంటుంది, అంబులెన్సును పిలుస్తుంది. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. లాస్య దానికి ఇంకో గుణం కూడా పెట్టింది. గాయపడ్డ ఒంటి మీద ఎవరి చెయ్యి పడిందో, ఎంత కదిపిందో, అంతా అది రాసుకుంటుంది. ఆ రాత కోర్టులో చెల్లుతుంది.

అది ఎందుకు పెట్టారని అడిగితే ఆవిడ జవాబు చెప్పేది కాదు. తన తమ్ముడు పదిహేడేళ్ళప్పుడు స్కూటర్ మీంచి పడితే వాణ్ణి ఎవరో లేపి కూర్చోబెట్టారు. ఆ తరవాత వాడు పద్దెనిమిదేళ్ళు మంచం దిగలేదు. ఆ ఎవరో ఎవరన్నది ఆవిడకు ఈనాటికీ తెలియదు. తెలిస్తే క్షమించేది కాదు.

కొత్తలంకలో కబడ్డీ ఫైనల్సుకి ముఖ్య అతిథిగా వెళ్ళిన సాయంత్రం, ఆవిడ కళ్ళముందే సామ్రాట్ అనే కుర్రాడు కూతకెళ్ళాడు. నలుగురు పట్టేస్తే గాల్లో తిరగబడి నెత్తి మీద పడ్డాడు. కంఠరక్ష ఠక్కున బిగుసుకుంది.

"మెడ నా పట్టులో ఉంది. ఎవరూ ముట్టుకోకండి. ముట్టుకున్న చేతులు నమోదవుతాయి," అంది అది, ఎంతో నెమ్మదిగా.

మూడొందల మంది చేతులు వెనక్కి కట్టుకున్నారు. గాలి అంబులెన్సు రావడానికి తొమ్మిది నిమిషాలు పడుతుందన్నారు.

రెండో నిమిషంలో కుర్రాడికి వాంతి అయింది. వెల్లకిలా ఉన్నాడేమో, వచ్చింది వచ్చినట్టే గొంతులో నిలిచిపోయింది. పెదాలు నీలబడుతున్నాయి. లాస్య పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, తలను రెండు చేతులతో పట్టుకుంది.

"వీణ్ణి పక్కకి తిప్పాలి. తల నేను పట్టుకుంటా. భుజాలు, నడుం, కాళ్ళు పట్టడానికి మనుషులు కావాలి. రండి."

ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. పదేళ్ళుగా ఆ కుర్రాడికి ఆట నేర్పుతున్న కోచ్ మణికంఠ కూడా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డాడు.

"మాస్టారూ, మీరైనా రండి."

"నా చేతుల్లోనే పెరిగాడండి వాడు. కానీ రేపు వాడికేదన్నా అయితే మీ మిషను నా పేరే చెప్తదండి. నిరుడు మా బావమరిది జైలుకెళ్ళింది దీనివల్లేనండి."

కుర్రాడి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, లోపలికి గాలి మాత్రం పోవడం లేదు.

"రికార్డు ఆపు," అంది లాస్య, కంఠరక్షతో.

"ఆపితే తప్పెవరిదో తెలియకుండా పోతుంది, డాక్టర్. ఆ నియమం మీరు పెట్టిందే."

"నాకు తెలుసు. ఇంతవరకు రాసింది కూడా చెరిపెయ్యి."

కంఠరక్ష మీది ఆకుపచ్చ దీపం ఆరిపోయింది. అంతే, ముందు మణికంఠ, అతని వెనకే ఇంకో ఆరుగురు వచ్చి వాలారు. మూడు అనగానే దుంగను దొర్లించినట్టు ఒళ్ళంతా ఒక్కసారే తిప్పాలని లాస్య చెప్పింది. తిప్పారు. గొంతులో ఉన్నదంతా బయటికి పోయింది. కుర్రాడు గట్టిగా ఊపిరి తీశాడు. ఆ చప్పుడు విని లాస్య, అరవై నాలుగేళ్ళ మనిషి, అందరి ముందూ ఏడ్చేసింది.

సామ్రాట్ బతికాడు. కుడిచేతి మూడు వేళ్ళు మాత్రం స్వాధీనంలోకి రాలేదు. అవి పడ్డప్పుడు పోయాయో, తిప్పినప్పుడు పోయాయో చెప్పే రాత ఎక్కడా లేదు.

మూడు నెలల తరవాత అతని తల్లి చైత్ర లాస్యను వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ ఏడుగురి పేర్లూ కావాలండి."

ముట్టుకున్నదెవరన్న ప్రశ్నను నలభై ఏళ్ళుగా లాస్య కూడా మోస్తోంది. "తల పట్టుకుంది నేనమ్మా. తప్పుంటే నాదే కావచ్చు. వాళ్ళ జోలికి వెళ్ళకు."

"తప్పేంటండీ?" చైత్ర అయోమయంగా చూసింది. "పిల్లోడు ఇంటికొచ్చాడు. ఏడుగురికీ భోజనం పెట్టి, బట్టలు పెట్టుకుందామనండి."

లాస్య తల దించుకుంది. ఆ పేర్లు చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షిని తనే చెరిపేసింది. ఇలాంటి పనికి కూడా ఆ రాత పనికొస్తుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచలేదు. ఆ రోజు చేతులే చూసింది తప్ప మొహాలు చూడలేదు. మణికంఠ ఒక్కడే తెలుసు; అతనేమో తన వెనక వచ్చినవాళ్ళెవరో చూడలేదన్నాడు.

మిగతావాళ్ళ కోసం ఇద్దరూ కొత్తలంకలో ఇల్లిల్లూ తిరిగారు. మేం ముట్టుకోలేదన్నారు కొందరు. ఆ రోజు ఊళ్ళోనే లేమన్నారు ఇంకొందరు. చివరి వీధిలో ఒక నడివయసు మనిషి గుమ్మంలోనే నిలబెట్టి, తనకేమీ తెలియదని పంపేశాడు. వాళ్ళు నాలుగడుగులు వేశాక వెనకాలే వచ్చాడు.

"అమ్మా, కుర్రోడి ఎడంకాలు... ఆవేళ చల్లగా అయిపోయిందండి. ఇప్పుడు కదుపుతున్నాడా?"

"నడుస్తున్నాడు బాబూ," అంది చైత్ర.

అతను తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె సంచిలోంచి కొత్త పంచె తీసి చేతిలో పెట్టబోతే, గబుక్కున వెనక్కి తగ్గాడు.

"నేను కాదండి," అన్నాడు.