బీవర్ల చెరువు కింద గుహ

పటంలో ఉన్నది పచ్చికబయలు. ఎదుట కనిపిస్తున్నది చెరువు!

గురయ్య తల మీది మూటను నేలకేసి కొట్టాడు. కోరంగి రేవులో ఓడెక్కిన కళాసీలు, తనూ పోలయ్యా, కెనడా తీరాన దిగి, దేవదారు అడవుల్లో పడి ఇంత దూరం వచ్చింది ఈ నీళ్లు చూడడానికా? చనిపోతూ కెప్టెను ఆ పటాన్ని పోలయ్య చేతిలో పెట్టాడు. వయసులో తనకంటే చిన్నవాడు, తన చెల్లెలి మొగుడు. కళాసీల మీద సరంగు పెత్తనమూ వాడిదే, నిధి పటమూ వాడిదే. తనకు మాత్రం మూట!

"దారి తప్పలేదు బావా! ఆ మొద్దులు చూడు, అవి పంటి గాట్లు. బీవర్లని, పందికొక్కుల్లాంటి పెద్ద జంతువులు. చెట్లు కొరికి పడేసి, కొమ్మలూ బురదా పేర్చి వాగుకి అడ్డుకట్ట కట్టేశాయి. నిధి దాచిన గుహ ఆ కొండ మొదట్లో నీళ్ల కిందుంది," అన్నాడు పోలయ్య.

నిజమే. నీళ్లలో నిలువునా ఎండిన చెట్ల మధ్య బాతులు ఈదుతున్నాయి. చెరువు నడుమ కొమ్మల గుట్టలా బీవర్ల ఇల్లు. ఇదంతా కూడా వీడికే ముందు తెలియాలా అని గురయ్యకు కడుపు రగిలిపోయింది.

పోలయ్య మరో దారి వెతుకుతూ కొండ చుట్టూ వెళ్లగానే, గురయ్య గొడ్డలెత్తి కట్టను నరికాడు. గండిలోంచి నీళ్లు హోరున దూకాయి. పొద్దు వాలేసరికి గుహ నోరు బయటపడింది. కాగడా పట్టుకుని లోపలికి పాకాడు. చివర రాతి సందులో ఇనుప పెట్టె! ఆనందంతో దాన్ని ఈడ్చసాగాడు.

ఇంతలో మోకాళ్లకు చల్లగా తగిలింది. నీళ్లు! సందె వేళకు బయటికొచ్చిన బీవర్లు గండిని పూడ్చేస్తున్నాయి. గుహ నోట జానెడు వెలుతురే మిగిలింది.

"బావోయ్! ఏదున్నా వదిలేసి రా!" గుహ నోట మిగిలిన ఆ జానెడు ఖాళీలోంచి పోలయ్య కేక.

వదిలితే రేపు వీడు పట్టుకుపోడూ? పిడికిలి సడలలేదు. నీళ్లు గొంతుకు వచ్చాయి. కాగడా ఆరిపోయింది. అప్పుడు వదిలాడు పెట్టెను. ఊపిరి బిగబట్టి మునిగి, రాళ్లు ఒళ్లు చీరుతున్నా ఈది, పైకి తేలాడు.

గండిలో రొమ్ము లోతు మంచునీళ్లలో పోలయ్య! బీవర్లు పేర్చిన కొమ్మలను ఉత్త చేతులతో పీకేస్తున్నాడు. అవి తోకలతో నీళ్లను ఫెళ్లుఫెళ్లున కొడుతూ చుట్టూ తిరుగుతున్నాయి.

ఒడ్డున మంట దగ్గర గురయ్య అతడి నీలిబారిన వేళ్లను రుద్దాడు.

"నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా? గండి దగ్గర నేను కాపలా ఉందును. మన ఓడలో నీ అంత ఈతగాడెవడు? అడవిలో వాగులు దాటాలంటే నువ్వుండాలనే కదా నిన్ను రమ్మన్నది!" అన్నాడు పోలయ్య వణుకుతూ. "పెట్టె ఉందా?"

"ఉంది."

"రేపు మళ్లీ గండి కొడదామా?"

"వద్దురా. ఈ వేళ్లు పోతే ఓడ మీద తాళ్లెలా లాగుతావు? దాన్ని అక్కడే ఉండనీ."

ఆ మాట అన్నాడేగాని, ఎదుటివాడి కోసం ఆ నీళ్లలో నిలబడేంత మనసు కూడా వీడికే ఎందుకుండాలని గురయ్యకు మళ్లీ అసూయ కలిగింది. అయినా వేళ్లు రుద్దడం మాత్రం ఆపలేదు.