అలంకారానికి ఉంచిన డబ్బా

ఆస్కార్ లుండ్ మెడలో దిగిన స్క్రూడ్రైవర్ అతనిదే. షికాగోలో నాణెం వేస్తే పాటలు పాడే పాత జూక్‌బాక్సులను బాగుచేసే ఆ మనిషి తన వ్యాన్ పక్కనే రక్తపు మడుగులో పడి ఉన్నాడు.

“చచ్చే ముందు మన ఏజెన్సీకి ఫోన్ చేశాడు,” అన్నాడు చీఫ్ హార్డిన్. “‘వాండా బార్‌లో పాటల పెట్టెకి నేను తెంపిన వైరు ఎవరో మళ్ళీ అతికించారు’ అన్నాడు. అంతే, లైన్ కట్.”

ఏజెంట్ లెన్ కుబియాక్ తల పంకించాడు. ఈ ఉద్యోగానికి ముందు అతను చేసింది ఆ రిపేర్లే.

“సాయంత్రం అక్కడ డాక్టర్ మారెక్‌కి విందు. విదేశీ ముఠా గుట్టంతా ఆయనకే తెలుసు. మొదటి పాట ఆయనే పెడతాడు. ఆయన బతకాలి, లెన్. మన ఏజెంట్ లిడియా నిన్ను కలుస్తుంది. కోడ్ మాట డాన్సు పాట గురించి: ‘పోల్కా ఉందా?’”

మెకానిక్ వేషంలో లెన్ బార్‌లో అడుగుపెట్టాడు.

“ఇప్పుడా రావడం?” వంటింట్లోంచి అరిచింది యజమానురాలు వాండా. “అతిథి వచ్చే వేళయింది. తొందరగా కానీ!”

ఎర్ర కోటు, మత్తెక్కించే నవ్వు. “పోల్కా ఉందా?” అంది లిడియా.

“గీతలు పడిన రికార్డుంది,” అన్నాడు లెన్.

లెన్ పెట్టె వెనక పలక ఊడదీశాడు. కరెంటు నిలవచేసే కెపాసిటర్లు పాడై మార్చేటప్పుడు ఆస్కార్ లాంటివాళ్ళు పైకి కనిపించే పాత కెపాసిటర్ అల్యూమినియం డబ్బాను అందం కోసం అలాగే ఉంచేస్తారు. దాని వైరు తెంపి, కొత్తవి అడుగున బిగిస్తారు. అడుగున కొత్తవి ఉన్నాయి. అయినా పాత డబ్బాకి మెరిసే టంకంతో వైరు అతికించి ఉంది. ఆ వైరు, రికార్డు మీద ముల్లు వాలగానే కలిసే స్విచ్చులోకి వెళ్తోంది.

చచ్చిన డబ్బాకి కరెంటెందుకు? లోపల బాంబుంటే తప్ప!

“కనిపెట్టేశావే! పాపం ఆస్కార్ కూడా అంతే,” అంది లిడియా. ఆమె చేతిలో పిస్టల్. “క్రుల్, పని కానివ్వు.”

వెనకనుంచి ఆమె మనిషి వేసిన తాడు లెన్ గొంతుకు బిగిసింది. కళ్ళు బైర్లు కమ్మాయి. లెన్ ఒక్కసారిగా కిందికి వంగి, వీపు మీంచి క్రుల్‌ను పెట్టెలోకి విసిరాడు. ఇలాంటి పెట్టెలో చెయ్యి పెట్టేటప్పుడు, కరెంటు గుండెగుండా పోకుండా రెండో చెయ్యి జేబులో ఉంచుకోవాలని క్రుల్‌కి ఎవరూ చెప్పలేదు. రెండు చేతులూ లోపలే పడ్డాయి. వొళ్ళు విల్లులా వంగింది. కాలిన వాసన. మళ్ళీ కదల్లేదు.

పిస్టల్ పేలింది. లెన్ తొడ చీలింది. అతను కూలాడు.

బయట కారు ఆగిన చప్పుడు.

“నీ డాక్టర్ వచ్చాడు!” లిడియా నాణెం వేసి, బటన్ నొక్కి, వెనక తలుపుకేసి పరిగెత్తింది.

ప్లగ్ అవతలి గోడకుంది. కాలు లేవదు. పెట్టెలో ఇనుప చెయ్యి కదిలింది. రికార్డు పట్టుకుంది, తిప్పింది, పరిచింది. లెన్ మోచేతుల మీద పాక్కుంటూ వచ్చాడు. ముల్లు కిందికి వాలుతోంది. కటింగ్ ప్లయర్ అందుకుని వైరు కొరికేశాడు.

పోల్కా మోగింది!

వెనక తలుపు వంటింట్లోంచే. అక్కడ ఇనప పెనం మోగింది. లిడియా ముక్కు పగిలి వెల్లకిలా పడింది.

“నా వంటింట్లోకి తుపాకీతో వస్తావా, సిగ్గులేనిదానా!” అంది వాండా.

డాక్టర్ మారెక్ లోపలికి వచ్చి, నేల మీది రక్తం చూసి ఆగిపోయాడు. “ఏమైందమ్మా ఇక్కడ?”

“రిపేరువాళ్ళు వచ్చారండి,” అంది వాండా, పెనం తుడుచుకుంటూ. “పని చేస్తారు గానీ, తుడిచి వెళ్ళే అలవాటు ఒక్కడికీ లేదు.”