అందరి మగ్గాల సాల

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఆదివారం పొద్దున్నే తిమ్మమ్మ, నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడిపోస్తోంది. ముందురోజు కురిసిన వాన గోడ అడుగునుంచి ఊరి, గుంటలో మోకాలి లోతు నిలిచింది. పక్కనే పొయ్యి మీద బొరుగుల ఉగ్గానికి ఉల్లిగడ్డలు వేగుతున్నాయి. ఆ ఇంట్లో వంట, పడక, నేత అన్నీ ఒక్క గదిలోనే.

కూతురు యశోద చాప మీద పెద్ద కాగితం పరుచుకుని కూర్చుంది. ఆమె కర్నూలులో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఇంజనీరు. ఆ కాగితంలో ఆమె ఏడాది కష్టం ఉంది. వీధిలోని ముప్పై రెండు పాత ఇళ్లు తీసేసి, అదే స్థలంలో తక్కువ ఖర్చుతో కొత్తవి లేపే ప్లాను అది. గోడలూ పైకప్పూ వేరేచోట కాంక్రీటు పలకలుగా పోతపోసి తెచ్చి, ఇక్కడ బిగిస్తారు. మొదట ఒక గది, వంటిల్లు, స్నానాల గది. ఇల్లు పెరగాలనుకున్నప్పుడు పక్కనే ఇంకో గది తగిలించుకోవచ్చు. మగ్గాలు మాత్రం ఇళ్లలో ఉండవు. వీధి నడుమ, ఎత్తైన గచ్చు మీద అందరి మగ్గాలకూ ఒకే పెద్ద సాల. దాని పక్కన పసిపిల్లల గది, బట్టలుతికే గట్టు.

పదకొండు గంటలకు మున్సిపాలిటీ ఉద్యోగి వీధి చివరి రేకుల షెడ్డుకు వస్తాడు. ముప్పై రెండు ఇళ్లవాళ్లూ సంతకాలు పెడితేనే పని మొదలవుతుంది. ఒక్క ఇల్లు కాదన్నా ఆగిపోతుంది.

"నాయనా, ఒకసారి చూడు," అంది యశోద.

భీమప్ప కాగితం వైపు తల తిప్పలేదు. వీధిలో చీర అంచు నేయడంలో ఆయనకు సాటి లేరని పేరు. ఆ చీరల కోసం ఆదోని నుంచి వ్యాపారులు ఇంటికే వస్తారు.

"నేను ఒప్పుకునేది లే. మగ్గం ఇంట్లో ఉంటేనే నేసేటోడు. ఇంకో చోటికి పోయి నేస్తే కూలోడు."

"కూలి యెట్లయితాది? మగ్గం నీదే, నూలు నీదే, చీర నీదే. కూర్చునే చోటే మారేది."

"అయితే ఇంటికో మగ్గం పట్టేటట్ల గీయి. ఇంత సదివినావు, ఆ మాత్రం రాదా?"

"వస్తాది. అట్ల గీస్తే అమ్మ మల్లా మగ్గం పక్కనే పండుకోవల్ల, వానొస్తే ఇట్లనే నీళ్లు తోడల్ల. నేను గీయను నాయనా."

"గీయకుంటే ఆ కాగితాలు తీసుకోని కర్నూలుకు పో. నా ఇంట్లో పరచొద్దు."

యశోద కదల్లేదు. "పోను. నడక రాకముందు నేను ఈ గుంటలోనే పడినాను. ఈ వీధిలో గుంటలో పడని బిడ్డ ఉందా? నువ్వు ఒప్పుకోకుంటే ఇంటింటికీ పోయి మిగతావాళ్లందరినీ ఒప్పించి మల్లా నీ దగ్గరికే వస్తా."

"నా మాట కాదని ఎవుడు సంతకం పెడతాడో నేనూ చూస్తా," అన్నాడు భీమప్ప.

తిమ్మమ్మ చెంబు కింద పెట్టింది. "అసలు సంగతి పాపకు సెప్పు."

"ఏ సంగతి?"

"నువ్వు సెప్పకుంటే నేను సెప్తా." ఆమె కూతురి వైపు తిరిగింది. "రెండేండ్ల నుంచి మీ నాయనకు చేతులు వణుకుతాండాయి. పోగులు కంటికి ఆనడం లే. అంచు నేసేది నేను, తలుపు మూసుకోని. సాలకు పోతే నలుగురూ చూస్తారు. అదీ ఆయన భయం."

యశోద తండ్రి చేతుల వైపు చూసింది. ఆయన వాటిని పంచె మడతల్లోకి తోసుకున్నాడు. రెండేళ్లుగా తనొచ్చినప్పుడల్లా ఇంటి తలుపు మూసే ఉండేది. పోగుల మీద దుమ్ము పడుతుందని తండ్రి చెబితే నమ్మింది.

"ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ," భీమప్ప గొంతు తగ్గింది. "యాభై ఏండ్ల పేరు అది."

"నీ పేరు చెడాలని నాకేం లే. ఎండాకాలం తలుపు మూసుకోని ఈ గుంటలో కూర్చుంటే ఊపిరాడదు. ఎవురన్నా పిలిస్తే దొంగ మాదిరి లేసి పొయ్యి కాడికి పోవల్ల. నేను నేసిన చీరను చూసి ఆదోని వ్యాపారి నిన్ను మెచ్చుకుంటాంటే, కాఫీ ఇచ్చి పక్కకు తప్పుకున్నా. ఇంక నాతో కాదు."

"ఏమన్నా సెప్పు. నేను సంతకం పెట్టను."

"నిన్నెవురు పెట్టమన్నారు? ఇంటి పట్టా నా పేరు మీద ఉండాది, సంతకం నాదే."

భీమప్ప చూపు మూలనున్న పెట్టె మీదికి పోయింది. పట్టా వచ్చిన రోజు దాన్ని పెట్టెలో దాచింది ఆయనే. ఎవరి పేరు మీద ఉందో మళ్లీ తలచుకునే అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

తిమ్మమ్మ పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుంది. "తిమ్మమ్మా," అని ఆయన వెనకనుంచి పిలిచాడు. ఆమె ఆగలేదు. యశోద కాగితం చుట్టుకుని తల్లి వెంట నడిచింది.

షెడ్డులో వీధి వీధంతా ఉంది. మున్సిపాలిటీ ఉద్యోగి పేర్లు చదువుతున్నాడు గానీ ఎవరూ ముందుకు రావడం లేదు. భీమప్పకు ఇష్టం లేదని అందరికీ తెలుసు.

"వదినా, అన్న రాలేదే?" అన్నాడు పక్కింటి నాగన్న.

"పట్టా నాది నాగన్నా. యాడ పెట్టల్లో చూపించమను."

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసి, పక్కనున్న బల్ల మీద కూర్చుంది. వెనక ఇద్దరు ఆడవాళ్లు లేచారు. "భీమప్పన్న మాట వినకుండా యెట్ల?" అని మగవాళ్లలో ఎవరో అన్నారు. లేచినవాళ్లు ఆగిపోయారు. అంతలో భీమప్పే వచ్చాడు. జనం దారిచ్చారు.

"అన్నా, నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే మేమూ పెట్టం," అన్నాడు నాగన్న.

భీమప్ప భార్య వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆయన రెండు చేతులూ అందరి ముందూ చాచాడు. అవి వణుకుతున్నాయి.

"చూడండప్పా. నేను అంచు నేసి రెండేండ్లయింది. మీరు మెచ్చుకునేదంతా ఈమె నేసిందే. సిగ్గుపడి, నా పేరు కోసం ఈమెను తలుపెనక దాచినా, ఇంక చాలు. దాచుకునేదానికే నాకు ఇంట్లో మగ్గం కావల్సొచ్చింది, ఇంకేం లే. ఆమె సంతకం పెట్టింది గదా, ఇంక నన్నెందుకు అడుగుతారు?"

నాగన్న భార్య వెళ్లి పెన్ను అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు నిలబడ్డారు.

తిమ్మమ్మ కళ్లు నిండాయి. బల్ల మీద పక్కకు జరిగి భర్తకు చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు.

"పాపా, ఆ కాగితం తే." భీమప్ప దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "సాలకు కిటికీలు పడమర పెట్టినావు. సాయంత్రం ఎండ నేరుగా పోగుల మీద పడి కండ్లు చెదురుతాయి. ఉత్తరం దిక్కుకు మార్చు."

యశోద ఏడుపూ నవ్వూ ఒకేసారి ఆపుకుంటూ పెన్సిలు తీసింది. "సరే నాయనా. అమ్మ మగ్గం యాడ వేద్దాం?"

"ఆమెనే అడుగు."

తిమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"వాకిలికి ఎదురుగా వెయ్యి," అంది. "వచ్చేటోళ్లు, పోయేటోళ్లు అందరూ చూడనీ."