ఆ ఇంట్లో పలికిందెవరు?

మా లాండ్రీ వెనక సందులో, తలుపు సగం ఊడిన ఖాళీ ఇల్లొకటి ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్లరు. లోపల ఎవరో గుసగుసగా మాట్లాడతారట... వెళ్లి చూస్తే మనిషి ఉండడట. పగలంతా మమ్మల్ని గడగడలాడించే మా సూపర్‌వైజరు కూడా, రాత్రయితే చుట్టుదారిన ఇంటికి పోతాడు.

ఆ గుసగుసల సంగతి నాకు చెప్పింది మా ఇస్త్రీ అక్క. ఆస్పత్రి దుప్పట్లు మడతపెడుతూ, చుట్టూ ఎవరూ లేనప్పుడు చెప్పింది.

"అది నేనేనే..."

అక్క మొగుడు లారీ మెకానిక్. ఉత్త అనుమానపు మనిషి. ఆమె చర్చికి వెళ్తే, "పాస్టరు కోసమా?" అన్నాడు. మానేసి ఇంట్లోనే కళ్లు మూసుకుంటే, "ఎవడిని తలుచుకుంటున్నావ్?" అని చెంప పగలగొట్టాడు. ఆఖరికి యేసయ్యతో కూడా సవతి పోరు పెట్టుకున్న మగాడు!

అందుకే డ్యూటీ దిగాక ఆ ఇంట్లో పది నిమిషాలు ప్రార్థన చేసుకునేది. పదకొండేళ్ల అలవాటు.

"దెయ్యమంటే భయం లేదా అక్కా?"

"దెయ్యం చెయ్యి చేసుకోదు కదే."

ఒక రాత్రి మొగుడు ఆమె వెంటే వచ్చాడు. చేతిలో ఇనుప రాడ్డు. కిటికీ కింద నక్కాడు.

లోపల అక్క మోకాళ్ల మీద ఉంది. ఆ ఉదయం తిన్న దెబ్బకి పక్కటెముక సలుపుతోంది. గొంతు తగ్గించి అడిగింది —

"ప్రభువా, ఓర్పు అడగను. అది కావలసినంత ఇచ్చావు. వాడంటే ఉన్న భయం... అది తీసెయ్. ఉన్నావా? వింటున్నావా?"

నిశ్శబ్దం...

ఉన్నట్టుండి తలుపు ఫెళ్లున విరిగింది. టార్చి వెలుగు ఆమె మొహం మీద పడి, గోడల మీదికి పాకింది. వాడు మూడు గదులూ గాలించాడు. అటక మీద చూశాడు. పెరటి తలుపు లాగాడు — తుప్పు పట్టిన తాళం కదల్లేదు.

తిరిగొచ్చి రాడ్డు ఎత్తాడు.

మామూలుగా అయితే అక్క చేతులు తలకి అడ్డం పెట్టుకుంటుంది. పెట్టుకోలేదు. ఎందుకో ఆ చేతులు పైకి లేవనే లేదట. మెల్లగా లేచి నిలబడింది.

"దించు. ఇవాళ నేను ఇంటికి రావడం లేదు. మా చెల్లెలింటికి పోతున్నా. పొద్దున్నే స్టేషన్‌కెళ్లి నా ఒంటి మీద వాతలన్నీ చూపిస్తా."

అరవలేదు. వణకలేదు. దుప్పట్ల లెక్క అప్పజెప్పినంత మామూలుగా అంది.

వాడి చెయ్యి గాల్లోనే ఆగింది. వాడు ఆమెని చూడటం లేదు — ఆమె వెనక చీకట్లోకి చూస్తున్నాడు.

"వాడేడీ?"

"ఎవడు?"

"నీకు జవాబు చెప్పినవాడు... మగ గొంతు... నా చెవులారా విన్నాను. ఉన్నావా అని నువ్వడిగావు. 'ఇక్కడే ఉన్నాను' అన్నాడు..."

రాడ్డు జారి నేల మీద పడింది. అక్క దాన్ని దాటుకుని బయటికి నడిచింది.

అన్నట్టే చేసింది. స్టేషన్‌కి వెళ్లింది, వేరుగా ఉంటోంది. వాడు ఇప్పటికీ లాండ్రీ గేటు దగ్గర దూరంగా నిలబడి, వచ్చేపోయేవాళ్లని గుసగుసగా అడుగుతాడు — "ఆ గొంతు ఎవరిదో మీకేమైనా తెలుసా?"

"ఇంతకీ అక్కా, ఆ గొంతు ఎలా ఉంది?" ఆత్రంగా అడిగాను.

అక్క మొహం మాడిపోయింది. దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె అదిమింది.

"నాకేం తెలుసు? నాకేమీ వినపడలేదు."

దుప్పటి మడత తిప్పింది. తర్వాత, ఏ ఆడదాని మీదా ఎన్నడూ లేనంత కుళ్లుతో, పళ్ల బిగువున అంది —

"పదకొండేళ్లు పిలిచింది నేను. వినిపించింది వాడికా?"